పార్కులోని ప్రజా మరుగుదొడ్ల పునరుద్ధరణ: గోదావరి డెల్టా పట్టణాలకు ఒక సమగ్ర మార్గదర్శి

పార్కులోని పాత మరుగుదొడ్లను బాగుచేయాలని మున్సిపల్ కౌన్సిల్ తీర్మానించగానే సాధారణంగా మొదట వచ్చే చర్చ టైల్సు రంగు గురించీ, ముఖద్వారం మీద వేయబోయే దాత పేరు గురించీ ఉంటుంది. రాజమహేంద్రవరం మొదలుకొని కాకినాడ, అమలాపురం, పాలకొల్లు, భీమవరం, నరసాపురం వరకూ డెల్టా పట్టణాల్లో ఇటువంటి కట్టడాలు పాడయ్యే తీరు గమనిస్తే, చెడు చాలావరకు నేల కింది నుంచే మొదలవుతుంది. ఇక్కడి నేల అధికభాగం నీరు ఇంకని బంకమట్టి, నల్లరేగడి. వానాకాలంలో భూగర్భజలం రెండు మూడు అడుగుల లోతుకే వచ్చేస్తుంది. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ బోరునీటిలో ఉప్పు పెరుగుతుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో పనుల వరుస మురుగు ఎక్కడికి పోతుందన్న ప్రశ్నతో మొదలై, నీరు ఎక్కడి నుంచి వస్తుందన్న దాని మీదుగా గోడలకూ గచ్చుకూ చేరుతుంది. టైల్సు ఆఖరున వస్తాయి.

మొదటి పని: ఉన్నదాన్ని చూడటం

అంచనా తయారుచేయకముందే కట్టడాన్ని కనీసం మూడు వేళల్లో చూడాలి: నడకకు వచ్చేవారు నిండుగా ఉండే తెల్లవారుజామున, పిల్లలతో కుటుంబాలు వచ్చే సాయంత్రం, భారీ వాన కురిసిన మరునాడు. మొదటి రెండు సందర్శనల్లో స్త్రీలు, పురుషులు, వృద్ధులు ఎంతమంది వస్తున్నారో, ఎవరు లోపలికి వెళ్లకుండానే వెనుదిరుగుతున్నారో లెక్కించి రాసుకోవాలి. వాన తరువాతి సందర్శనలో నీరు ఎక్కడ నిలిచింది, ఛాంబర్ల (మురుగు గొట్టాలు కలిసే గుంతల) మూతలు పొంగుతున్నాయా, గోడల్లో చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కింది అన్నవి చూడాలి. కార్తీకమాసపు వనభోజనాల రోజుల్లోనూ ఆదివారాల్లోనూ రద్దీ వేరుగా ఉంటుంది కనుక ఆ రోజుల సంఖ్యనూ విడిగా నమోదు చేయాలి. నదీతీరపు పార్కుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 2015 జూలైలో జరిగిన పుష్కరాల వంటి సందర్భపు జనాన్ని, లేదా 2027లో రాబోయేదాన్ని, శాశ్వత కట్టడానికి కొలమానంగా తీసుకోకూడదు. పన్నెండేళ్లకోసారి వచ్చే పన్నెండు రోజుల కోసం కట్టిన గదులు మిగతా కాలమంతా తాళాలతో ఉండి పాడవుతాయి; ఆ రద్దీకి తాత్కాలిక మరుగుదొడ్లే సరైనవి.

తరువాత ఛాంబర్లన్నీ తెరిపించి, ఒక్కొక్క పాన్‌లో రంగు కలిపిన నీటిని పోసి, ఆ రంగు ఏ ఛాంబరులో, ఎంతసేపటికి కనిపిస్తుందో చూడాలి. పాత నక్షాలు దొరకవు, దొరికినా నిజంగా వేసిన గొట్టాలతో సరిపోలవు. ఈ పరీక్ష ఒక్కటే అసలు నక్షాను ఇస్తుంది. సెప్టిక్ ట్యాంకుగా పిలుస్తున్నది నిజానికి అడుగున గచ్చులేని గొయ్యి మాత్రమేనా, దాని నుంచి బయటికి పోయే గొట్టం ఎక్కడ కలుస్తోంది అన్నది తప్పక తేల్చుకోవాలి. ట్యాంకు మూత తెరిచినప్పుడు ఎవరూ లోపలికి దిగకూడదు, తల కూడా వంచకూడదు. అందులో చేరే హైడ్రోజన్ సల్ఫైడ్ మనిషిని క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. లోతును పైనుంచి కర్రతో కొలవవచ్చు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

దాళ్వా (రబీ వరి) కోతలు ముగిశాక డెల్టా కాలువలను కట్టేసి, జూన్‌లో మళ్లీ నీరు వదులుతారు. కాలువలు ఎండిన ఆ వారాల్లో భూగర్భజలం ఏడాదిలోకెల్లా కిందికి దిగుతుంది. తవ్వకం, ట్యాంకు కాంక్రీటు, గొట్టాల పని ఆ వ్యవధిలోనే పూర్తి కావాలంటే టెండరు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే ఖరారు కావాలి. ఏప్రిల్‌లో టెండరు పిలిచి జూలైలో గొయ్యి తవ్వే పనికి ఖర్చులో చెప్పుకోదగిన భాగం నీటిని తోడే మోటార్లకే పోతుంది, పైగా బురదలో పోసిన కాంక్రీటు మీద నమ్మకం ఉండదు. అయితే కాలువలు కట్టేసిన రోజుల్లో పట్టణానికి మంచినీరు కూడా తగ్గుతుంది కాబట్టి, కాంక్రీటు కలపడానికీ తడపడానికీ కావలసిన నీటిని ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఉప్పుబోరు నీటితో కానిచ్చేద్దామన్న మాటకు ఒప్పుకోకూడదు. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. తీరప్రాంతపు బోర్లు చాలాచోట్ల ఈ హద్దును దాటుతాయి. మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, ఫ్లైయాష్ బూడిద లేదా ఇనుప కొలిమి స్లాగు కలిసిన సిమెంటైతే కనీసం 10 రోజులు కాంక్రీటును తడిగా ఉంచాలి.

పని జరిగే కాలమంతా పార్కును మరుగుదొడ్డి లేకుండా ఉంచరాదు. స్త్రీల వైపు, పురుషుల వైపు ఒకదాని తరువాత ఒకటిగా పని చేయించడం, లేదా సంచార మరుగుదొడ్డిని తెప్పించడం అంచనాలోనే చేర్చాలి.

మురుగు దారి

భూగర్భ డ్రైనేజీ ఉన్న వీధి పక్కనే పార్కు ఉంటే పని సులువు. అక్కడి మ్యాన్‌హోలు అడుగు మట్టం మన ఆఖరి ఛాంబరు కంటే కిందికి ఉందని లెవెల్ పరికరంతో నిర్ధారించుకుని కలపడమే. 110 మిల్లీమీటర్ల గొట్టానికి 40లో 1 వాలు, అంటే నాలుగు మీటర్లకు పది సెంటీమీటర్ల దిగుడు, ఇవ్వాలి. డెల్టా పట్టణాల్లో అత్యధిక భాగానికి ఆ సౌకర్యం లేదు కాబట్టి సెప్టిక్ ట్యాంకు గురించే వివరంగా చెప్పుకోవాలి.

రోజుకు మూడు వందల మంది వాడే చిన్న పార్కును ఉదాహరణగా తీసుకుందాం. వారిలో వందమంది మలవిసర్జనకు, మిగిలినవారు మూత్రవిసర్జనకే వెళతారనుకుంటే, మొదటివారికి తలకు పది లీటర్లు, రెండోవారికి మూడు లీటర్లు, నాలుగుసార్లు కడగడానికి నాలుగు వందల లీటర్లు కలిపి రోజుకు రమారమి 2,000 లీటర్ల మురుగు వస్తుంది. ఈ మురుగు ట్యాంకులో ఒకటి నుంచి రెండు రోజులు నిలవాలి, అడుగున మడ్డి చేరేందుకు చోటు ఉండాలి. లోపల 3.4 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు, 1.2 మీటర్ల నీటిలోతు ఉన్న ట్యాంకులో సుమారు 6,900 లీటర్లు పడతాయి. ఈ పార్కుకు అది సరిపోతుంది. రెండు వేల లీటర్లు దాటిన ట్యాంకును రెండు అరలుగా విభజించాలని, మొదటి అర రెండోదానికి రెట్టింపు ఉండాలని సెప్టిక్ ట్యాంకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 సూచిస్తుంది.

ఇక్కడే డెల్టాకు ప్రత్యేకమైన ఇబ్బంది ఎదురవుతుంది. భూగర్భజలం పైకి వచ్చినప్పుడు ఖాళీ ట్యాంకు పడవలా తేలుతుంది. పై కొలతల ట్యాంకును నీటి మట్టం పైన 33 సెంటీమీటర్ల ఖాళీ వదిలి, 15 సెంటీమీటర్ల గోడలు, అడుగు, 12 సెంటీమీటర్ల పైకప్పుతో కడితే బయటి కొలత 3.7, 2.0, 1.8 మీటర్లు అవుతుంది. నేల మట్టం వరకూ నీరు వస్తే దాన్ని పైకి నెట్టే బలం 13.3 టన్నులు. లోపలి అడ్డుగోడను కలుపుకున్నా ఖాళీ ట్యాంకు బరువు 12 టన్నులు దాటదు. వానాకాలంలో ట్యాంకును పూర్తిగా తోడించిన మర్నాడు గొట్టాలన్నీ విరిగి, ట్యాంకు ఒక మూలకు లేచి కనిపించడానికి కారణం ఈ లెక్కే. పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. అడుగు పలకను నాలుగు వైపులా 30 సెంటీమీటర్లు బయటికి పొడిగించి, ఆ అంచు మీద మట్టిని దిమ్మిసతో గట్టిగా కూరితే, ఆ మట్టి, అంచు కలిసి నీటిలో మునిగి ఉన్నా ఐదు టన్నులకు పైగా బరువునిచ్చి ట్యాంకును పట్టి ఉంచుతాయి. తయారుగా దొరికే ప్లాస్టిక్, ఫైబర్ ట్యాంకులు తేలికైనవి కాబట్టి వాటిని కాంక్రీటు దిమ్మకు పట్టీలతో బిగించకుండా పూడ్చనే కూడదు.

ట్యాంకు నుంచి బయటికి వచ్చే నీటిని ఇంకుడుగుంతలోకి వదలడం రాష్ట్రంలోని ఇసుక నేలల్లో పనికొస్తుంది. ఇక్కడి బంకమట్టిలో, జూలై నుంచి డిసెంబరు దాకా నీటిలోనే మునిగి ఉండే గుంతలో, ఇంకడానికి చోటు ఎక్కడిది? ఇంకుడుగుంతను ఏ తాగునీటి బావికైనా కనీసం 18 మీటర్ల ఎడంలో ఉంచాలన్న నియమం ఉన్నా, పైపైకి వచ్చే భూగర్భజలం ముందు ఆ దూరం ఇచ్చే భరోసా తక్కువ. బంకనేలలకు ఐఎస్ 2470 సూచించే మార్గాల్లో ఒకటైన, మురుగు కిందినుంచి పైకి కంకర పొర గుండా ప్రయాణించే వడపోత అరను ట్యాంకుకు ఆనించి కట్టడం మేలు. పార్కులో స్థలం ఉంటుంది కాబట్టి, ఆ తరువాత అర మీటరుకు కొంచెం పైబడిన లోతున, అడుగున నీరు దిగని పొర పరిచిన కంకర మడిలో మెట్టతామర, జమ్ము నాటి, నీరు కంకర పైకి రాకుండా దాని గుండా పారించవచ్చు. ఆ మడికి కంచె వేయాలి. బయటికొచ్చిన నీటిని చెట్ల పాదుల్లోకే వదలాలి, పిల్లలు ఆడుకునే పచ్చికకు పెట్టకూడదు.

ఏ పరిస్థితిలోనూ ట్యాంకు నుంచి బయటికి వచ్చే గొట్టాన్ని పక్కనున్న పంటకాలువలోకి కలపకూడదు. ధవళేశ్వరం నుంచి బయలుదేరిన ఆ నీటితోనే దిగువ ఊళ్ల మంచినీటి చెరువులు నిండుతాయి. పాత కట్టడంలో అటువంటి గొట్టం ఉందని రంగునీటి పరీక్షలో తేలితే, దాన్ని మూసివేసే పని అంచనాలో మొదటి అంశంగా రాయాలి.

ట్యాంకు గాలిగొట్టం పైకప్పు కంటే ఎత్తుగా ఉండి, దాని నోటికి తుప్పుపట్టని సన్నని దోమతెర బిగించి ఉండాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది కాని, బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలు మురుగునీటిలోనే, ముఖ్యంగా సెప్టిక్ ట్యాంకుల్లో పెరుగుతాయి, గోదావరి జిల్లాలు ఆ వ్యాధికి చిరకాలంగా నెలవు. మూతల అంచుల్లో సందులు లేకుండా చూడటం కూడా ఇందుకే.

నీరు

పై ఉదాహరణలోని పార్కుకు రోజుకు 2,000 లీటర్లు కావాలి. మున్సిపల్ కొళాయి ఒక పూట రాకపోయినా ఇబ్బంది లేకుండా రెండు రోజుల నిల్వ, అంటే 2,000 లీటర్ల సింటెక్స్ ట్యాంకులు రెండు, పెట్టుకోవాలి. రెండింటికీ వేర్వేరు వాల్వులు ఉంటే ఒకదాన్ని కడుగుతున్నప్పుడు రెండోది పనిచేస్తుంది. బోరు ఉప్పగా ఉన్నచోట బోరునీటిని ఫ్లష్‌కు, గచ్చు కడగడానికి పరిమితం చేసి, చేతులు కడిగే కొళాయిలకు మున్సిపల్ నీటిని విడి గొట్టంలో తేవాలి. ఆ రెండు గొట్టాలకూ వేర్వేరు రంగులు వేయించాలి. ఇనుప గొట్టాలు తీరప్రాంతంలో ఎక్కువకాలం నిలవవు. సీపీవీసీ, యూపీవీసీ ప్లాస్టిక్ గొట్టాలు వాడాలి. ఎండ తగిలేచోట వాటిపై రంగు పూయాలి. కాకినాడ వంటి తీరపట్టణాల్లో గొళ్లాలు, కీళ్లు, పట్టుకడ్డీలు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి కొనాలి. 304 రకానికి ఉప్పుగాలిలో మచ్చలు పడతాయి, లోపలున్న పట్టణాలకైతే అదే చాలు.

కొళాయిల ఎంపికలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. చేతితో నొక్కితే కాసేపు కారి ఆగిపోయే కొళాయి బేసిన్ దగ్గర మంచిది. మరుగుదొడ్డి గదిలో చేతి షవరును పెట్టడం దండగ, అది విరగడానికి ఎక్కువకాలం పట్టదు. గోడకు బిగించిన గట్టి ఇత్తడి కొళాయి, గొలుసు కట్టిన మగ్గు ఇప్పటికీ దానికంటే నమ్మకమైనవి.

కట్టడం, మట్టం, ర్యాంపు

పైకప్పు పెచ్చులు ఊడి ఇనుము బయటపడిన చోట, సుత్తితో తట్టి బోలుగా పలికిన భాగమంతా కొట్టివేసి, ఇనుమును తోమి, తుప్పునిరోధక పూత పూసి, పాలిమర్ మోర్టారుతో నింపాలి. కడ్డీల మందం బాగా తినేసి ఉంటే మరమ్మతు చేసి లాభం లేదు, ఆ భాగాన్ని కొత్తగా పోయాలి. ఈ నిర్ణయాన్ని స్ట్రక్చరల్ ఇంజనీరుకే వదలాలి. పాత రేకులు ఆస్‌బెస్టాస్‌వి అయితే వాటిని పగలగొట్టకూడదు. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రమాదకరం కాబట్టి, నీటితో తడిపి, బోల్టులు విప్పి, ముక్కలు కాకుండా దించాలి. వాటి స్థానంలో మళ్లీ రేకులు వేయాలనుకునేవారు 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుపానును గుర్తుచేసుకుని కాంక్రీటు పలకకే మొగ్గు చూపాలి.

నల్లరేగడి తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు కుంచించుకుంటుంది. గచ్చు పగుళ్లకూ, గొట్టాల కీళ్లు ఊడటానికీ ఇదే మూలం. కొత్త గచ్చు కింద ఆ మట్టిని తీసివేసి, ఇసుకను, ఎర్ర గ్రావెల్‌ను పొరలుపొరలుగా వేసి తడిపి దిమ్మిస కొట్టించాలి. గోడ దాటే ప్రతి గొట్టం చుట్టూ కాస్త సందు వదిలి, మెత్తని సీలెంటుతో నింపాలి.

మట్టం విషయంలో రెండు అవసరాలు ఒకదానితో ఒకటి తగవు పడతాయి. వరదనీరు లోపలికి రాకుండా గచ్చును ఎత్తు పెంచాలి, చక్రాల కుర్చీ ఎక్కడానికి ర్యాంపు వాలు 12లో 1 కంటే నిటారుగా ఉండకూడదు. గచ్చు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే ర్యాంపు 7.2 మీటర్ల పొడవు కావాలి. చాలాచోట్ల స్థలం లేదని ర్యాంపును నిటారుగా కట్టి చేతులు దులుపుకుంటారు. దాని మీద చక్రాల కుర్చీ ఎక్కదు, వానలో నడిచేవారే జారిపడతారు. కట్టడం చుట్టూ ఉన్న నేలను నడకదారి దాకా 30 సెంటీమీటర్లు మెల్లగా ఎత్తుచేసి, మిగిలిన 30 సెంటీమీటర్లకు 3.6 మీటర్ల ర్యాంపు కట్టడం పార్కులో సాధ్యమయ్యే పని. ర్యాంపుకు రెండువైపులా పట్టుకడ్డీ, మొదట్లోనూ చివరా చదునైన వేదిక ఉండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ ఏర్పాటును దయగా కాక హక్కుగా చూస్తుంది. లోపల ఆ గదికి 90 సెంటీమీటర్ల తలుపుదారి, కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల వలయం, 45 నుంచి 48 సెంటీమీటర్ల ఎత్తున కమోడ్, బయటికి తెరుచుకునే లేదా పక్కకు జరిగే తలుపు అవసరం. దాన్ని సామాన్ల గదిగా మార్చేయకుండా కమిషనరు స్థాయిలో ఆదేశం ఉండాలి.

లోపలి అమరిక

ప్రజా మరుగుదొడ్లకు వాడే ప్రమాణం ప్రకారం పురుషులకు నాలుగు వందల మంది వరకు ప్రతి వందకు ఒక సీటు, స్త్రీలకు మొదటి రెండు వందల మంది వరకు ప్రతి వందకు రెండు సీట్లు ఉండాలి. పురుషులకు ప్రతి యాభై మందికి ఒక యూరినల్ అదనం. పాత కట్టడాల్లో ఈ నిష్పత్తి తలకిందులుగా కనిపిస్తుంది. గోడలు కదిలించే అవకాశం ఎలాగూ వచ్చింది కాబట్టి పురుషుల వైపు నుంచి ఒక గదిని స్త్రీల వైపుకు మార్చడం అన్నిటికన్నా చౌకైన మేలు. మోకాళ్ల నొప్పులున్నవారి కోసం ప్రతి వైపూ కనీసం ఒక వెస్టర్న్ కమోడ్, మిగిలినవి ఒరిస్సా పాన్‌లు (గొంతుకూర్చుని వాడేవి) ఉండవచ్చు.

చీర కట్టుకున్నవారికి తడిగచ్చు, కొక్కెం లేని తలుపు ఎంత ఇబ్బందో నక్షా గీసేవారికి తరచుగా తట్టదు. ప్రతి గదిలో సంచి తగిలించే కొక్కెం, ఫోను పెట్టే చిన్న అలమర, మూతతో కూడిన చెత్తడబ్బా తప్పనిసరి. శానిటరీ నాప్‌కిన్లను విడిగా సేకరించి పంపే ఏర్పాటును పారిశుద్ధ్య విభాగంతో ముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే పాన్‌లో వేసిన నాప్‌కిన్ ఒక్కటే మొత్తం వరుసను మూసేయగలదు. స్త్రీల ద్వారం పార్కులో నలుగురూ తిరిగే దారివైపు ఉండాలి, లోపలిది కనిపించకుండా అడ్డుగోడ ఉండాలి. వెనకవైపు చీకటిమూలకు తిప్పిన ద్వారం గుండా సాయంత్రం ఆరు తరువాత ఎవరూ వెళ్లరు.

గచ్చుకు మీటరుకు 1.5 నుంచి 2 సెంటీమీటర్ల వాలు నహానీ ట్రాపు (గచ్చు నీరు బయటికి దిగే జాలీ) వైపు ఇవ్వాలి. టైల్సు వేయకముందే నీరు దిగని పూత పూసి, గొట్టాల నోళ్లు మూసి, ఒక రోజంతా నీరు నిలబెట్టి మట్టం తగ్గలేదని చూడాలి. గచ్చుకు జారని టైల్సు, గోడలకు ఏడడుగుల ఎత్తు వరకు నున్నని టైల్సు, సందులకు ఎపాక్సీ గ్రౌటు వాడాలి. సందు ఎంత సన్నగా ఉంటే వాసన అంత తక్కువ నిలుస్తుంది. అడ్డుగోడలకు గ్రానైటు పలకలు, తలుపులకు నీటికి ఉబ్బని ఫైబర్ లేదా డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన పలక) చాలు; చెక్క తలుపు అడుగున కుళ్లిపోతుంది. ప్రతి ట్రాపులో వాసన పైకి రాకుండా అడ్డుకునే 50 మిల్లీమీటర్ల నీటిముద్ర నిలవాలి.

గాలికి గోడల పైభాగాన జాలీలు, దోమతెర. నీరు చొరబడని ఎల్‌ఈడీ దీపాలు, మీట బయట, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే పరికరం), సరైన ఎర్తింగ్ ఉండాలి.

కాంట్రాక్టు, బిల్లు

అంచనాను ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారం తయారుచేసేటప్పుడు మురుగు పనినీ పైపనినీ వేర్వేరు భాగాలుగా రాయాలి. ఒకే మొత్తంగా రాస్తే టైల్సు మెరుగులకు డబ్బు పోయి, ట్యాంకు దగ్గర కోత పడుతుంది. మట్టి కప్పకముందే గొట్టాల వాలు, ట్యాంకు అడుగు పలక అంచు కొలతలను ఫొటోలతో సహా ఎం-బుక్‌లో (పనుల కొలతల పుస్తకంలో) ఎక్కించాలి. కప్పేసిన తరువాత వాటిని ఎవరూ కొలవలేరు. ట్యాంకును నీటితో నింపి ఒక రోజు ఉంచి కారుడు లేదని చూసిన తరువాతే ఆ భాగం బిల్లు చెల్లించాలి. లోపాల బాధ్యతా కాలం కనీసం ఒక పూర్తి వానాకాలాన్ని కలుపుకునేలా షరతు పెట్టాలి. దాతలు ముందుకొస్తే, వారి డబ్బును ట్యాంకుకు ఖర్చుపెట్టి పేరును ముఖద్వారం మీద వేయడంలో తప్పేమీ లేదు.

తెరిచిన తరువాత

తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, జీతం ఏ పద్దు నుంచి వస్తుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు ప్రారంభోత్సవానికి ముందే కాగితం మీద ఉండాలి. మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘానికి నిర్వహణ అప్పగించి, వార్డు సచివాలయంలోని శానిటేషన్ సెక్రటరీ వారానికోసారి తనిఖీ చేసే పద్ధతి చిన్న పట్టణాలకు అనువైనది. కడిగేవారికి చేతితొడుగులు, బూట్లు, సామాను పెట్టుకునే గది ఇవ్వాలి. యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడరును కలిపి ఎన్నడూ వాడకూడదు, రెండూ కలిస్తే విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. విడిగానైనా యాసిడ్ గ్రౌటును తినేస్తుంది, అతిగా పోసిన బ్లీచింగ్ ట్యాంకులో మలాన్ని కుళ్లించే సూక్ష్మజీవులను చంపుతుంది. రోజువారీ పనికి సబ్బునీరు, బ్రష్షు చాలు.

ట్యాంకును రెండు మూడేళ్లకోసారి, మే నెలలో, యంత్రం ఉన్న వాహనంతోనే తోడించాలి. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా మనుషులను లోపలికి దింపి శుభ్రం చేయించడం మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మురుగు పనిలో మరణించినవారి కుటుంబానికి 30 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో తీర్పునిచ్చింది. తోడిన మడ్డి శుద్ధి కేంద్రానికి చేరినట్టు రసీదు తీసుకోవాలి. తోడిన వెంటనే ట్యాంకును మళ్లీ మామూలు నీటితో నింపాలి. అది ఎక్కడ ఉంది, మూతలు ఎన్ని, చివరిసారి ఎప్పుడు తోడించారు, తిరిగి ఎప్పుడు తోడించాలి అన్న వివరాలను కట్టడం వెనక గోడ మీద చెరగని రంగుతో రాయించి, గొట్టాల నక్షా ఒక ప్రతిని పార్కు కార్యాలయంలోనూ మరొకటి మున్సిపల్ ఇంజనీరింగ్ విభాగంలోనూ ఉంచాలి.